లోకల్ మాల్ ఇక్కడ దొరకదు

నాకు కోపం తొందరగా వస్తుంది. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మేలు, ఎందుకంటే ఇక్కడ చెప్పబోయే గెలుపులో సగం ఆ కోపానిదే. కన్నడ రాష్ట్రపు అంచున, తెలుగు మాట్లాడే బాగేపల్లిలో, బస్టాండు దగ్గర నాకొక టైపింగు, జిరాక్సు అంగడి ఉంది. అర్జీలు, పెళ్లి పత్రికలు, కుల సర్టిఫికెట్లకు కాగితాలు. రోజంతా కన్నడంలో టైపు చేస్తూ, తెలుగులో పోట్లాడుతూ బతుకుతాను. కంప్యూటరు నాకు అన్నం పెడుతుంది. అయినా దాన్ని తిట్టని రోజు లేదు.

గెలిచింది మా మామ కోసం. మామ అంటే మా అమ్మ తమ్ముడు. చింతామణిలో చిల్లర అంగడి. డెబ్బై దాటాయి, ఇప్పటికీ పొద్దున్నే తనే షట్టరు ఎత్తుతాడు. అంగడిలోకి పోగానే ఎదురుగా ఒక అట్ట వేలాడుతుంటుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఉంది. దాని మీద కన్నడంలో మామ చేతిరాత: లోకల్ మాల్ ఇక్కడ దొరకదు.

మాల్ అంటే సరుకు. మా వైపు లోకల్ అంటే ఊళ్లో తయారైంది అని కాదు. నాసిరకం అని. మంచి కంపెనీ పేరులో ఒక అక్షరం మార్చి అమ్మే బిస్కత్తు లోకల్. రెండు రోజులకే బుస్సుమని పోయే చార్జరు లోకల్. "ఒరిజినలా, లోకలా?" అని అడక్కుండా మావాళ్లు చెప్పులు కూడా కొనరు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు సంతలో ఒక పెన్ను కొన్నాను. అది కారి యూనిఫాం జేబంతా నీలం చేసింది. మామ ఆ పెన్ను పట్టుకుని వీధి చివరిదాకా నడిచిపోయి మురుగునీటి మోరీలో విసిరేసి వచ్చాడు. "లోకల్‌ది ఇంట్లోకి తెచ్చినావంటే నిన్ను కూడా ఈడ్నే ఏస్తా" అన్నాడు. నేను ఏడ్చాను. మర్నాడు మంచి పెన్ను కొనిచ్చాడు, అదింకా నా దగ్గరే ఉంది.

ఈ మామకు ఒక పిచ్చి ఉంది. మాటలు పోగు చేస్తాడు. అంగడికి వచ్చేవాళ్ల నోట్లోంచి ఏ కొత్త మాట జారినా పొట్లాలు కట్టే కాగితం చించి రాసుకుంటాడు. కొంచెం బెల్లానికి రవంత బెల్లం అనేవాళ్లు ఏ ఊరివాళ్లు, రోంత బెల్లం అనేవాళ్లు ఏ ఊరివాళ్లు, తొందరగా రమ్మనడానికి బిరీన రమ్మనేది ఎవరు, బిన్నా రమ్మనేది ఎవరు, అన్నీ కావాలి ఆయనకు. గూళూరు నుంచి చెనిక్కాయల మూట వేసుకుని వచ్చిన రైతును గంటసేపు కూర్చోబెట్టి, నాగలిలో ఒక్కొక్క చెక్కకూ వాళ్లూళ్లో ఏమంటారో అడిగి రాసుకున్నాడు. పాపం ఆ మనిషి సబ్బు కొనడానికి వచ్చాడు.

మామ చదివింది కన్నడంలో. తెలుగు నోటికే గానీ చేతికి రాదు. అందుకని తెలుగు మాటలను కన్నడ అక్షరాల్లో రాస్తాడు. నేను రెండేళ్లు హిందూపురంలో తెలుగు బడిలో చదివాను కాబట్టి నాకు రెండు లిపులూ వచ్చు. "నువ్వు తెలుగులోకి మార్చి అచ్చు తియ్యాల" అని నాకు ఎప్పుడో పని ఒప్పజెప్పాడు. మొదట నోటు పుస్తకాల్లో రాసేవాడు. ఆరేళ్ల కిందట అల్లుడు, అంటే మామ కూతురి మొగుడు, బెంగళూరు నుంచి ఒక కంప్యూటరు తెచ్చిచ్చాడు. మామ ఒంటి వేలితో అ నుంచి మొదలుపెట్టి, వరసగా, ఒక్కో అక్షరం ముగించి తర్వాతి దానికి పోతూ టైపు చేశాడు. ఆరేళ్లలో ల దాకా వచ్చాడు. లగెత్తు, అంటే పరుగెత్తు, అనే మాట దగ్గర ఆగిపోయాడు.

ఆగింది మాట దొరక్క కాదు. తలుపు తెరుచుకోక.

అల్లుడు మంచివాడు. కంప్యూటరు తెచ్చిన రోజు అది అకౌంటు అడిగితే తన మెయిలు, తన ఫోను నంబరు ఇచ్చేశాడు. మామ దగ్గర ఉండేది బటన్ల ఫోను. దాని మెసేజి పెట్టె ఎప్పుడో నిండిపోయింది. కొత్త మెసేజీలు వాకిట్లోనే నిలబడి తిరిగి పోతాయి. పాతవి చెరిపెయ్యి మామా అంటే, "ఉండనీ, ఏమన్నా పనికొస్తాయి" అంటాడు. అందుకని అల్లుడి నంబరే గతి. నాలుగంకెల పిన్ను కొట్టి మామ లోపలికి పోయేవాడు, బానే జరిగింది.

పోయిన దసరాకు అల్లుడు వచ్చి, మామ ఇంట్లో నెట్ లేదు కదా, తన ఫోను నెట్ కలిపి పెద్ద అప్‌డేట్ ఏదో ఎక్కించి, బస్సెక్కి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున మామ పిన్ను కొడితే కంప్యూటరు ఒప్పుకోలేదు. నువ్వెవరో నిరూపించుకో అంది. కోడ్ పంపుతాను అంది. కోడ్ పోయేది అల్లుడి ఫోనుకు. అల్లుడేమో మీటింగులో.

మూడు రోజులు. పక్కింటివాళ్ల ఫోను నెట్ అడుక్కుని, అల్లుడికి ఫోను చేసి, అతను కోడ్ చెప్పేలోపు దాని గడువు అయిపోయి, మళ్లీ మొదటికొచ్చి, ఇట్లా మూడు రోజులు మామ ఆ తెర ముందు కూర్చున్నాడు. మూడో రోజు నాకు ఫోను చేశాడు.

"పాపా, నా ఇంటి తలుపు తీసుకునేకి నేను ఇంకొగురి దగ్గర తాళంచెవి అడుక్కోవాల్నా? దాంట్లో ఉండేది నా మాటలు కాదా?"

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. వెంటనే కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో తెలీదు.

మూడో రోజు సాయంత్రానికి ఒక కోడ్ గడువులోపు అంది, తలుపు తెరుచుకుంది. అయితే మామ దాని ముందు కూర్చోవడం మానేశాడు. నెల తర్వాత డిస్కు కూడా కరకరమనడం మొదలుపెట్టింది. నేను పోయి మాటలన్నీ రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించాను. కొత్త డిస్కు వెయ్యాలి, పాత సిస్టమ్‌కు ఇంక అప్‌డేట్లు రావు కాబట్టి కొత్త సిస్టమే ఎక్కించాలి అని చెప్పాను. మామ గోడకేసి చూస్తూ ఒకటే మాట అన్నాడు.

"ఏయించు. కానీ మళ్లా ఇంకొగురి నంబరు అడిగిందంటే, దాన్ని తీసుకపోయి నీ అంగట్లో పెట్టుకో. నాకొద్దు. ల తోనే చాలు."

ల తర్వాత ఇంకా వ ఉంది, స ఉంది, హ ఉంది. పదకొండేళ్లుగా పొట్లాల కాగితాల మీద రాసి దాచిన మాటలు ఒక బిస్కత్తు డబ్బా నిండా ఉన్నాయి. మామ మాటంటే మాటే. ఆయన మానేస్తే అవి ఆ డబ్బాలోనే చెదలు పట్టిపోతాయి.

కంప్యూటరు డబ్బాను చిక్కబళ్లాపురంలో ఒక రిపేరు అంగడికి తీసుకుపోయాను. అక్కడ పనిచేసే ఆయన నా వయసువాడే, పని తెలిసినవాడు. కొత్త డిస్కు బిగించి, కొత్త సిస్టమ్ ఎక్కించి, మధ్యాహ్నానికి తెర మీదికి తెచ్చాడు. దేశం ఏది అని అడిగింది, చెప్పాడు. కీబోర్డు ఏది అని అడిగింది, చెప్పాడు. తర్వాత మెయిలు ఇవ్వమని అడిగి మొండికేసింది.

"అక్కా, మెయిలు చెప్పు, ఫోన్ నంబర్ చెప్పు. కోడ్ వస్తాది."

"మెయిలు లేకుండా కాదాప్పా?"

"ఈ కొత్త దాంట్లో కాదక్కా. కావాలంటే నా నంబరే ఏస్తా. అందరికీ అట్లనే ఏస్తాండా."

అరికాలి మంట నెత్తికెక్కింది. అందరికీ ఈయన నంబరేనట! రేపు ఈయన నంబరు మారిస్తే తాలూకా అంతా వచ్చి ఈ అంగడి మెట్ల మీద కూర్చోవాలన్న మాట. "ఒద్దప్పా, నీకో దండం" అని, పని సగంలో ఉండగానే వైర్లు పీకించి, డబ్బాను టవల్లో చుట్టుకుని చింతామణి బస్సెక్కాను. కండక్టరు దాన్ని చూసి మూటకు టికెట్టు తీసుకోమన్నాడు. "ఒళ్లో పెట్టుకుంటే మూట కాదప్పా, బిడ్డ" అన్నాను. బస్సంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి వదిలేశాడు.

బస్సులో కూర్చుని ఫోనులో వెతికాను. ప్రపంచంలో నాలాంటి కోపిష్టి మనుషులు చాలామందే ఉన్నారని ఆ రోజు తెలిసింది. లోకల్ అకౌంటు అని ఒకటుంది. మెయిలు అక్కర్లేదు, నంబరు అక్కర్లేదు. పేరూ, పాస్‌వర్డూ ఆ డబ్బాలోనే ఉంటాయి, తాళం వేసేది తీసేది అక్కడ కూర్చున్న మనిషే. అయితే దాన్ని చూపించకుండా దాచిపెట్టారు. ఒక నల్లటి కిటికీ తెరిచి అందులో ఒక లైను కొడితే బయటికొస్తుందని కొందరు రాశారు. అది ఇప్పుడు పనిచెయ్యదు, మూసేశారు అని ఇంకొందరు. పనిచేసిందని ఒకాయన ఒట్టేసి రాశాడు. నేను ఆ ఒట్టును నమ్ముకుని బస్సు టికెట్టు వెనక ఆ లైను రాసుకున్నాను.

ఇంటికి చేరగానే అత్త, అంటే మామ భార్య, నీళ్లిచ్చింది. మామ వాకిట్లో నిలబడి, "ఎవురి నంబరు ఏసినావు?" అన్నాడు. పలకరింపు లేదు, ఏమీ లేదు.

"ఎవురిదీ లేదు మామా. నంబరు అడగనిది ఒకటుంది. లోకల్ అకౌంట్ అని."

అనకూడని మాట అన్నానని మామ మొహం చూశాకే తెలిసింది.

"లోకలా?" అన్నాడు. ఇంకొకసారి, ఇంకా గట్టిగా, "లోకలా! నలభై ఏండ్లుగా అంగట్లో లోకల్ పెట్టనోన్ని, నా మాటలన్నీ తీసుకపోయి లోకల్ దాంట్లో పెట్టాల్నా? రెండు దినాలకు పోతాది. ఒరిజినల్ అకౌంట్ లేదా?"

"ఒరిజినల్ దాని కతేందో మూడు దినాలు చూసినావు కదా మామా!"

"అది వేరే. లోకల్ నా ఇంట్లోకి రాదు. ఎత్తుకపో."

పొద్దున్నుంచి తిండి లేదు. ఒళ్లో డబ్బాతో బస్సు ప్రయాణం. నాకు ఒళ్లు తెలీలేదు. మామ మీద గొంతు లేపింది జీవితంలో అదొక్కసారే.

"ఏం మామా! పదకొండేండ్లుగా నువ్వు రాస్తాండేది ఏంది? పెద్ద పుస్తకాల్లో ఉండే ఒరిజినల్ తెలుగా? రోంత, రవంత, బిన్నా, లగెత్తు... ఇవి ఎవురివి? గూళూరువి, గుడిబండెవి, మన బజారువి. విన్నోళ్లు నవ్వుతారు, ఇదేం లోకల్ తెలుగు అని. నాసి మాటలని మోరీలో ఏసినావా వాటిని? బిస్కత్తు డబ్బాలో దాచినావు! మాటలేమో లోకల్‌వి కావాల, అకౌంట్ మాత్రం లోకల్ కాకూడదా?"

మామ నన్ను చూడలేదు, కంప్యూటరు డబ్బాను చూశాడు. అత్త మాత్రం చాటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా అంది.

"పాప చెప్పేది సరిగానే ఉండాది. మీ మామ కూడా లోకలే కదమ్మా, యాభై ఏండ్లయినా ఇంకా పోలేదు."

మొదట నవ్వింది మామే. ఆ నవ్వు విన్నాకే నేను డబ్బా దించి తెరకు వైర్లు కలిపాను. "రాక్షసి, మీ అమ్మ నోరే వచ్చింది నీకు" అని నన్ను తిట్టి, కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నాడు. "నేనే కొడతా. యాడ కొట్టాల చెప్పు."

రెండు మీటలు కలిపి నొక్కితే నల్లటి కిటికీ తెరుచుకుంది. అత్త బియ్యం వదిలి వచ్చి నిలబడింది. టికెట్టు వెనక ఉన్నది నేను ఒక్కో అక్షరం చదివాను, మామ ఒంటి వేలితో ఒక్కోటి కొట్టాడు. ఎంటర్ నొక్కాడు. అట్లాంటిదేమీ తెలీదు పొమ్మంది కంప్యూటరు.

మూసేశారన్న వాళ్లే నిజం చెప్పారేమో అనుకున్నాను. మామ టికెట్టు నా చేతిలోంచి లాక్కుని, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, మాట మాట పోల్చుకుంటూ చూశాడు. ఒక్కొక్క మాటనూ ఊరికొక రకంగా ఎట్లా పలుకుతారో పట్టిపట్టి చూసే కన్ను అది.

"ఈ గీత ఈ పక్కకు వాలి ఉండాది. నేను కొట్టింది ఆ పక్కకు వాలింది. అదే తప్పు."

నిజమే. వాలుగీత కొట్టడంలో తిరగబడింది. రోజంతా టైపింగు చేసేదాన్ని, నాకు కనిపించలేదు. సరైన గీత ఎంటర్ మీట పైన ఉంటే చూపించాను. మామ మళ్లీ మొదటి నుంచి కొట్టాడు. ఎంటర్.

తెర నల్లబడింది. కంప్యూటరు ఆరిపోయి మళ్లీ లేచింది. మళ్లీ దేశం అడిగింది, కీబోర్డు అడిగింది. నెట్ కలుపు అంది. అక్కడ, అడుగున ఒక మూల, ఇంతకుముందు లేని చిన్న లైను ఒకటి ఉంది. నా దగ్గర ఇంటర్నెట్ లేదు.

"వచ్చింది మామా! లేదు అను! లేదని నొక్కు!"

"లేదు!" అని మామ అరిచాడు, నొక్కాడు. "లేదు! యాడుండాది! ఈ ఇంట్లో ఎప్పుడుండాది!"

లేదని ఒప్పుకోవడానికి అంత సంతోషపడిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. నెట్ లేదని సిగ్గుపడిన ఇంట్లోనే ఆ లేదన్న మాటకు తలుపు తెరుచుకుంది. నేను చప్పట్లు కొట్టాను. అత్త కూడా కొట్టింది, ఎందుకో పూర్తిగా తెలియకపోయినా.

తర్వాత పేరు అడిగింది. మామ తన పేరు ఇంగ్లీషులో, అన్నీ పెద్దక్షరాలతో కొట్టాడు. పాస్‌వర్డు దగ్గర మా ఇద్దర్నీ చూసి, "ఆ పక్కకు తిరగండి" అన్నాడు. తిరిగాం. మీటల చప్పుడు ఎంతకూ ఆగలేదు. అంత పొడుగు పాస్‌వర్డు ఏమిటో ఇప్పటికీ నాకు తెలీదు, తెలుసుకోను.

పాస్‌వర్డు మరిచిపోతే అడగడానికి మూడు ప్రశ్నలు ఎంచుకోమంది. మొదటిది నేను చదివి చెప్పాను. మీ మొదటి పెంపుడు జంతువు పేరు ఏమిటి?

"ఎనుము" అన్నాడు మామ. గేదెను ఎనుమనే అంటాం మేము.

"ఎనుము అంటే ఏ జంతువో చెప్పినట్టయింది మామా. దాని పేరు అడుగుతాంది."

"ఎనుముకు పేరేంది? ఎనుమే! ఎనుమా అంటే వచ్చేది."

అదే కొట్టాడు. రహస్యం ఇట్లా బయటపెట్టొచ్చా అంటారేమో, నేను చెప్పాక మార్చేసుకున్నాడు లెండి. మిగతా రెండింటికి ఏం కొట్టాడో మమ్మల్ని చూడనివ్వలేదు.

నీలం తెర వచ్చింది. మూలన మామ పేరు. అల్లుడి పేరు కాదు, అల్లుడి ఫొటో కాదు. పెన్‌డ్రైవు పెట్టి మాటల ఫైలు ఎక్కించి తెరిచాను. చివరి లైను, లగెత్తు, పెట్టిన చోటే ఉంది. మామ దాన్ని వేలితో తాకి చూశాడు. కళ్లు నిండాయి. నాకు కూడా. అత్త మాత్రం, "ఇంక అన్నం తినండి ఇద్దరూ" అంది.

మామ తినలేదు. కంప్యూటరు ఆపాడు. మళ్లీ వేశాడు. పాస్‌వర్డు కొట్టాడు, లోపలికి పోయాడు. మళ్లీ ఆపాడు. నేను లెక్కపెట్టడం మానేశాను. ఆ తీరు చూసి అత్త, "అట్ల తిప్పితే తాళం అరిగిపోతాది" అంది. సాయంత్రం అల్లుడు ఫోను చేశాడు. కోడ్ ఏమైనా వస్తే చెప్పమంటారా మామా అని పాపం మర్యాదగానే అడిగాడు. మామ రిసీవరు పట్టుకున్న పాతకాలం మనిషిలా, వీధికంతా వినపడేట్టు చెప్పాడు.

"కోడ్ లేదప్పా, నంబరు లేదు. మాది లోకల్!"

నాకు నవ్వాగలేదు. అంగడిలోని ఆ అట్ట మాత్రం అట్లాగే ఉంది, తీసేది లేదట. బిస్కత్తుల సంగతి వేరే అంటాడు.

మొన్న మామ ల అక్షరం ముగించానని పెన్‌డ్రైవు పంపించాడు. బాగేపల్లిలో నా అంగట్లో కూర్చుని తెలుగు లిపిలోకి మారుస్తున్నాను. బయట ఎవరో అర్జీ కోసం తొందర పెడుతున్నారు. లగెత్తు అయిపోయింది, లాగు అయిపోయింది, లావు అయిపోయింది. లొ కింద నాలుగైదు మాటలు. లో కింద మొదటిదాని దగ్గర నా వేళ్లు ఆగిపోయాయి. కన్నడ అక్షరాల్లో మామ రాసింది ఇది:

లోకల్: ఒకటి, నాసి సరుకు. అంగడి మాట, ఎప్పట్నించో ఉండాది. రెండు, ఇంకొగురిని అడగకుండా మనమే తీసుకునే తలుపు. కొత్త అర్థం. చెప్పింది బాగేపల్లి పాప, నా మీద అరిచి.

ఆ లైనును తెలుగులో టైపు చేశాను. ఒక్క అక్షరం కూడా మార్చలేదు.